తొలి హైకింగ్ బూట్లు: హనుమకొండలోనే కొనుక్కొని రావాలా, ఇక్కడికి వచ్చాక కొనాలా?

సెప్టెంబరులో సియాటిల్ ప్రాంతానికి ఎం.ఎస్. చదువు కోసం రానున్న హనుమకొండ తమ్ముడొకరు వీసా చేతికందిన వారంలోనే నన్ను అడిగిన ప్రశ్న ఇది: "అన్నా, అక్కడ శని, ఆదివారాలు వస్తే అందరూ గుట్టలెక్కుతారట కదా! వరంగల్ చౌరస్తాలో మంచి బూట్లు చూశాను. కొనుక్కొని రమ్మంటారా?" ఏటా వేసవి చివర కరీంనగర్ నుంచో, జగిత్యాల నుంచో, మంచిర్యాల నుంచో ఎవరో ఒకరు ఇదే అడుగుతున్నారు కనుక కాస్త వివరంగా రాస్తున్నాను. జవాబు ముందే చెబుతాను. కొనుక్కొని రావద్దు. వచ్చాక కూడా చీలమండ దాటి పైకి వచ్చే బరువైన, ఖరీదైన బూట్లను తొందరపడి కొనవద్దు. తొలి జత విషయంలో మీరు డబ్బునూ ఓపికనూ పెట్టవలసింది కొలత మీద, ఆ తరువాత సాక్సుల మీద. బ్రాండు, ఎత్తు, వాటర్‌ప్రూఫ్ అనే ముద్ర, ఇవన్నీ వాటి వెనక వచ్చేవే.

అక్కడ కొనవద్దనడానికి కారణం అక్కడి సరుకు నాసిరకమని కాదు. హైదరాబాద్‌లోని డెకాథ్లాన్‌లో దొరికే కెచువా బూట్లు తేలికపాటి బాటలకు బాగానే సరిపోతాయి, అవి ఇప్పటికే మీ దగ్గర ఉంటే నిరభ్యంతరంగా తెచ్చుకోండి. చిక్కంతా వేరే చోట ఉంది. దుకాణంలో ఐదు నిమిషాలు నడిచి చూసినప్పుడు హాయిగా తోచిన బూటు, గుట్ట దిగేటప్పుడు రెండో గంటలోనో మూడో గంటలోనో తన అసలు గుణం చూపిస్తుంది. అప్పటికి మీరు ఇక్కడ, ఆ దుకాణదారు అక్కడ. పైగా బూట్ల జత కిలోకు అటూ ఇటూ బరువుండి, పెట్టెలో దానికి మూడింతల చోటు తింటుంది. ఒక్కో పెట్టెకు 23 కిలోలని లెక్క చూసుకుంటూ సర్దుకునే రోజున ఆ చోటు విలువ తెలుస్తుంది. మీ అమ్మగారు ఆ చోటును సకినాలకూ మామిడికాయ తొక్కుకూ కేటాయించాలనుకుంటే ఆమె మాటే వినండి.

నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. నేను వచ్చేటప్పుడు మా మేనమామ ఎప్పుడో కొని, ఒక్కసారి కూడా తొడగకుండా అటక మీద దాచిన బూట్లను ప్రేమగా నా చేతిలో పెట్టారు. చూడటానికి కొత్తవే. వాటిని వేసుకొని ఇక్కడి మౌంట్ సై ఎక్కాను. రానూపోనూ 8 మైళ్లు, ఎక్కవలసిన ఎత్తు 3,150 అడుగులు. ఎక్కడం వరకు ఇబ్బంది లేదు. దిగేటప్పుడు సగం దారిలో కుడి బూటు అడుగుభాగం పెనం మీది అట్టు లేచినట్టు మడమ దగ్గర లేచింది, మరికొంత దూరం పోయేసరికి ఎడమది కూడా దాని బాటే పట్టింది. రెండింటినీ లేసులతో చుట్టి కట్టుకొని, కుంటుకుంటూ చీకటి పడే వేళకు కిందికి చేరాను. తరువాత తెలిసిన సంగతి ఏమిటంటే, చాలా బూట్లలో పాదానికీ కింది రబ్బరుకూ నడుమ ఉండే మెత్తని పొర పాలీయురేథేన్‌తో తయారవుతుంది. గాలిలోని తేమ ఆ పదార్థాన్ని ఏళ్ల తరబడి లోలోపలే విరగ్గొడుతుంది, వేడి ఆ పనిని త్వరపరుస్తుంది. వాడకుండా దాచితే బూటు కొత్తగా ఉంటుందనుకోవడం పొరపాటు. మన వానాకాలపు తేమ, మే నెల ఎండలో కాగే అటక రెండూ కలిస్తే బూటుకు అంతకన్న శత్రువు లేదు. ఇక్కడ పాత సామాన్ల దుకాణాల్లో, ఇళ్ల ముందు పెట్టే గరాజ్ సేల్‌లలో పది, పదిహేను డాలర్లకు మెరిసిపోయే బూట్లు కనిపించినప్పుడు ఈ కథ గుర్తు తెచ్చుకోండి. బొటనవేలితో అడుగుపొర పక్కభాగాన్ని గట్టిగా నొక్కి చూడండి. పొడి రాలినా, పగుళ్లు కనిపించినా, అంటించిన చోట సందు తేలినా ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. హనుమకొండ చౌరస్తాలో అయితే చెప్పులు కుట్టే ఆయన ఏదో ఒకటి చేసి నడిపిస్తాడు. ఇక్కడ ఆ పని చేసేవారు అరుదు, దొరికినా వారు అడిగే కూలి కొత్త జత ధరకు దగ్గరగా ఉంటుంది.

ఇక కొలతల సంగతి. మన దేశంలో బూట్ల మీద ఉండేది ఎక్కువగా బ్రిటిష్ నంబరు. అమెరికా నంబరు మగవారికి సుమారుగా దానికంటే ఒకటి ఎక్కువ, ఆడవారికి సుమారుగా రెండు ఎక్కువ. అంటే ఊళ్లో 8 వేసుకునే అబ్బాయి ఇక్కడ 9 అడగాలి, 5 వేసుకునే అమ్మాయి 7 అడగాలి. కంపెనీని బట్టి ఇందులోనూ అర నంబరు తేడా వస్తుంది కనుక బూటు నాలుక లోపలి చీటీ మీద సెంటీమీటర్లలో ముద్రించిన అంకెను చూడటం మేలు. సాయంత్రం వేళ గోడకు మడమ ఆనించి, కాగితం మీద నిలబడి, పొడవైన వేలి కొస దగ్గర గీత గీసి కొలవండి. సాయంత్రమే ఎందుకంటే రోజంతా తిరిగాక పాదం కొంత ఉబ్బుతుంది, గుట్ట మీద కూడా అదే జరుగుతుంది. రెండు పాదాలూ కొలవాలి, పెద్దదాని లెక్కే తీసుకోవాలి. ఇక్కడి కొన్ని దుకాణాల్లో బ్రానాక్ అనే లోహపు కొలపలక ఉంటుంది. దాని మీద నిలబడితే పొడవుతోపాటు వెడల్పు కూడా తెలుస్తుంది.

ఆ వెడల్పు మాట మనవాళ్లు ప్రత్యేకంగా పట్టించుకోవాలి. చిన్నప్పటి నుంచి వట్టికాళ్లతోనో, వేళ్లు విప్పారే చెప్పులతోనో తిరిగిన పాదం ముందుభాగంలో వెడల్పుగా ఉంటుంది. పద్మాక్షి గుట్ట మెట్లు చెప్పులు విడిచి ఎక్కిన కాళ్లు మనవి. అలాంటి పాదం సన్నని ముక్కున్న బూటులోకి దూరితే చిటికెన వేలు నలుగుతుంది, నలిగిందని పొడవైన నంబరు తీసుకుంటే మడమ జారుతుంది, మడమ జారితే పొక్కులు లేస్తాయి. దీనికి మందు నంబరు పెంచడం కాదు, వెడల్పు పెంచడం. ఇక్కడ మగవారి బూట్లలో మామూలు వెడల్పును డి అనీ, వెడల్పైనదాన్ని 2ఈ అనీ, ఆడవారిలో మామూలును బి అనీ, వెడల్పైనదాన్ని డి అనీ గుర్తిస్తారు. కీన్ కంపెనీ బూట్లకు వేళ్ల దగ్గర విశాలంగా ఉంటాయని పేరుంది. మెరెల్ వారి మోఆబ్ కూడా మొదటిసారి కొనేవారికి తరచుగా కుదిరే రకం, అందులో వెడల్పు కొలతలు విడిగా దొరుకుతాయి. అయినా ఇంకొకరికి కుదిరింది కనుక నాకూ కుదురుతుందని కళ్లు మూసుకొని ఆర్డరు పెట్టడం మాత్రం సరికాదు.

తొడిగి చూసేటప్పుడు సిగ్గుపడకుండా సమయం తీసుకోండి. గుట్టకు వేసుకునే సాక్సులనే దుకాణానికి వేసుకొని వెళ్లండి. ముందుగా బూటు లోపలి అట్టను బయటికి తీసి, దాని మీద నిలబడి చూస్తే వేళ్లు అంచు దాటుతున్నాయో లేదో వెంటనే తెలిసిపోతుంది. లేసులు బిగించాక పొడవైన వేలికీ బూటు కొసకూ నడుమ బొటనవేలి మందం సందు ఉండాలి. తరువాత మెట్లు దిగండి, లేదా దుకాణంలో వాలుగా పెట్టిన చెక్క ఉంటే దాని మీదుగా కిందికి నడవండి. నడిచేటప్పుడు వేళ్లు ముందుకు వెళ్లి కొసను గుద్దుకుంటే ఆ జతను పక్కన పెట్టేయవలసిందే, ఎందుకంటే రెండు వేల అడుగులు దిగేసరికి అవే గోళ్లు నల్లబడి ఊడిపోతాయి. ఎక్కేటప్పుడు మడమ కొద్దిగా లేవడం సహజం, స్పష్టంగా లేస్తే కాదు. "వాడగా వాడగా అదే సర్దుకుంటుంది" అనే మాట మందపాటి తోలు బూట్లకు కొంతవరకు నిజమే కాని, ఇప్పుడు చవకలో దొరికే జాలీ గుడ్డ, కృత్రిమ తోలు బూట్లు మొదటి రోజు ఎలా ఉన్నాయో చివరి దాకా దాదాపు అలాగే ఉంటాయి.

ఎత్తు బూట్లా, పొట్టి బూట్లా అన్నది తరువాతి సందేహం. కొత్తవారు మొదటి ఏడాది వెళ్లేవి రాటిల్‌స్నేక్ లెడ్జ్ వంటి చక్కగా చదును చేసిన కాలిబాటలు. ఎక్కే ఎత్తు దాదాపు 1,160 అడుగులు, వీపు మీద నీళ్ల సీసా, పులిహోర డబ్బా తప్ప బరువేమీ ఉండదు. దీనికి పట్టున్న అడుగుభాగం గల పొట్టి హైకింగ్ షూ నిండుగా సరిపోతుంది. తేలికగా ఉంటుంది, తడిసినా త్వరగా ఆరుతుంది, ఊళ్లోనూ వేసుకోవచ్చు. ఎత్తు బూటు చీలమండను బెణకనివ్వదని చాలామంది నమ్ముతారు గాని, మెత్తని గుడ్డతో చేసిన చవక ఎత్తు బూటు అంత కాపాడుతుందని నేను అనుకోను. రాళ్లు, మట్టి లోపలికి రాకుండా ఆపడానికి మాత్రం అది ఉపయోగమే. రాత్రి గుడారం వేసుకునే సామానంతా మోస్తూ నడిచే రోజు వచ్చినప్పుడు దాని గురించి ఆలోచించవచ్చు.

గోర్‌టెక్స్ పొర ఉన్న బూటు బయటి నీటిని ఆపుతూ లోపలి చెమట ఆవిరిని కొంత వదులుతుంది. సియాటిల్‌లో అక్టోబరు నుంచి ఏప్రిల్ వరకు కురిసే ముసురులో అది సుఖమే. కాని జులై, ఆగస్టుల్లో ఇక్కడ వాన చాలా తక్కువ, అప్పుడు అదే బూటులో పాదం ఉడుకుతుంది. బూటు పైఅంచు మీదుగా నీళ్లు లోపలికి దిగాయంటే అవి లోపలే నిలిచి, ఆరడానికి రోజు పైన పడుతుంది. టెక్సస్‌కో అరిజోనాకో వెళ్లేవారికి ఆ పొరకు అదనంగా పెట్టే డబ్బు దండగ.

ధరల విషయానికి వస్తే, వాటర్‌ప్రూఫ్ కాని పొట్టి షూ తగ్గింపులో 60 నుంచి 100 డాలర్ల లోపు దొరుకుతుంది. అంతకు మించి తొలి జతకు అవసరం లేదని నా అభిప్రాయం. ప్రతి అంకెనూ రూపాయల్లోకి గుణించి గుండె పట్టుకోవడం మొదటి ఆరు నెలలు మనందరం చేసే పనే. అలాగని 25 డాలర్లకు దొరికేదాన్ని కొంటే, నునుపైన దాని అడుగు తడి రాయి మీద జారుతుంది. ఇంకొక మాట: మన ఎమ్మార్పీలో పన్ను కలిసే ఉంటుంది, ఇక్కడి చీటీ మీద ఉండదు. సియాటిల్‌లో పైన పది శాతానికి మించి కట్టాలి. మే చివరి మెమోరియల్ డే, సెప్టెంబరు మొదట్లో లేబర్ డే, నవంబరులో బ్లాక్ ఫ్రైడే సమయాల్లో, ముఖ్యంగా నిరుటి రంగుల మీద, ధర బాగా తగ్గుతుంది. హైకింగ్ సామాన్లు అమ్మే ఆర్‌ఈఐ దుకాణంలో 30 డాలర్లకు జీవితకాల సభ్యత్వం తీసుకుంటే, వాడిన వస్తువు అయినా కుదరకపోతే ఏడాది లోపు తిరిగి ఇవ్వవచ్చు. అరిగిపోయిందని తిరిగి ఇవ్వడానికి ఒప్పుకోరు, ఆ సదుపాయాన్ని ఆ విధంగా వాడుకోవడం మర్యాద కూడా కాదు. ఇతర చోట్ల చాలావరకు బయట వేయని జతనే తీసుకుంటారు కనుక రెండు రోజులు ఇంట్లోనే, కార్పెట్ మీద వేసుకొని తిరిగి చూడండి.

సాక్సుల మీద పిసినారితనం చూపవద్దు. ఊరి నుంచి డజన్ల కొద్దీ తెచ్చుకునే నూలు సాక్సులు చెమటను పీల్చి పట్టుకుంటాయి. తడిసిన నూలు చర్మాన్ని రాసి రాసి పొక్కులు తెస్తుంది. మెరీనో ఉన్ని కలిసినవో, నైలాన్, పాలియెస్టర్‌వో రెండు జతలు చాలు. డార్న్ టఫ్ కంపెనీ సాక్సుల ఒక జత ధర ఇరవై డాలర్ల పైమాటే అయినా, చిరిగితే జీవితకాలం మార్చి ఇస్తారు. అంత వద్దనుకుంటే కాస్ట్‌కో అనే పెద్ద టోకు దుకాణంలో ఉన్ని కలిసిన సాక్సుల కట్ట చూడండి.

అమ్మానాన్నలు వచ్చినప్పుడు వారికీ బూట్లు కొనాలా అని కొందరు అడుగుతారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారికి అలవాటున్న వాకింగ్ షూ, చేతికొక హైకింగ్ కర్ర చాలు. ఒక్క సంగతి ముందే చెప్పండి: మౌంట్ రెయినియర్ మీద 5,400 అడుగుల ఎత్తున ఉన్న పారడైజ్ దగ్గర జూన్ చివరలో కూడా బాటల మీద మంచు ఉంటుంది. సియాటిల్‌లో ఎండలు చూసి బయలుదేరి, చీరలో చెప్పులతో ఆ మంచు ముందు నిలబడిపోయిన అత్తమ్మలను నేను ఏటా చూస్తున్నాను.

కొన్న జతను కాపాడుకోవడం పెద్ద పనేమీ కాదు. బురదను ఆరకముందే కడగండి, లోపలి అట్టను తీసి విడిగా ఆరబెట్టండి. తొందరపడి హీటరు పక్కన మాత్రం పెట్టవద్దు, వేడికి అడుగు అంటించిన జిగురు వదులుతుంది. పాత పేపరు ఉండలు చుట్టి లోపల కుక్కితే రాత్రికి రాత్రే తడి పీల్చుకుంటాయి. విద్యార్థుల ఇళ్లకు పేపరు రాదు కనుక, పోస్టు డబ్బాలో వారం వారం వచ్చి పడే కిరాణా దుకాణాల కరపత్రాలను పారేయకుండా ఒక మూల పెట్టుకోండి. మెరుపు కాగితం కానివే తడి పీలుస్తాయి.