గాయపడితే బాస్కెట్‌బాల్ ఆటగాడి సంపాదన ఎందుకు పడిపోతుంది?

హన్మకొండలో బాస్కెట్‌బాల్ ఆడే మా మేనల్లుడూ ఇదే అడిగాడు: ఎన్‌బీఏలో, అంటే అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్‌లో, గాయపడితే జీతం ఆగిపోతుందా, మామయ్యా? సాధారణంగా ఆగదు. అక్కడి ఒప్పందాల్లో ఎక్కువ భాగం హామీ ఉన్నవే. దెబ్బ పడేది తర్వాతి ఒప్పందం మీద.

ఎన్‌బీఏ ఆటగాడు ఐజయా థామస్‌నే చూడండి. ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు. 2016–17లో బోస్టన్ జట్టు తరఫున మ్యాచ్‌కు సగటున 28.9 పాయింట్లు చేశాడు. పొడవాటి సహచరులు ప్రత్యర్థులకు అడ్డు నిలిచి అతనికి దారి చేసేవారు, ఆటంతా అతని చుట్టూ అల్లుకుని ఉండేది. ఆ సీజన్ చివర్లో తుంటి గాయంతోనే ఆడాడు. 2017లో బోస్టన్ అతన్ని క్లీవ్‌లాండ్‌కు ఇచ్చేసింది. అక్కడ బంతి ఎక్కువగా ఆ జట్టు ప్రధాన తార లెబ్రాన్ జేమ్స్ చేతిలో ఉండేది. థామస్ ఇమడలేదు, 15 మ్యాచ్‌లకే పంపేశారు. పెద్ద ఒప్పందం కుదరాల్సిన 2018లో డెన్వర్‌తో ఏడాదికి దక్కింది కనీస వేతనం, సుమారు 20 లక్షల డాలర్లు. నొప్పి భరించింది జట్టు కోసం, నష్టపోయింది అతనొక్కడే. నాకిది అన్యాయంగానే తోస్తుంది.

మావాడు చీలమండ వాచినా పట్టీ బిగించుకుని దూకుతున్నాడు. వాపు పూర్తిగా తగ్గేదాకా మైదానం వైపు వెళ్లవద్దని గట్టిగా చెప్పాను.