గాలం వేసేవాడి ఖర్చు మీ ఊళ్లో మిగలాలి

విజయవాడ, కృష్ణలంక.

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన లెక్క రెండుసార్లు చదివాను అల్లుడూ. రెండెకరాల చెరువులో బొచ్చె, శీలావతి పెంచి కిలోల లెక్కన అమ్మే బదులు, ఆదివారాలు బెజవాడ, గుంటూరు వాళ్లని గాలాలతో రమ్మని టికెట్ పెడదామన్నావు. ఆలోచన నాకు నచ్చింది. కానీ నీ కాగితంలో టికెట్ డబ్బు ఒక్కటే ఉంది. ఊరి వాటా ఎక్కడా లేదు.

నలభై ఏళ్లుగా సీతానగరం, ఉండవల్లి వైపు గట్ల మీద గాలం వేస్తున్నవాణ్ణి కదా, నా ఆదివారం ఎలా ఖర్చవుతుందో చెబుతాను. తెల్లవారుజామున బండికి పెట్రోలు. దారిలో ఇడ్లీ. గట్టు దగ్గర ఎర్రలు, తవుడు. పది గంటల లోపు రెండు టీలు. మధ్యాహ్నం ఎవరైనా వండి పెడితే భోజనం. చేప పడినా పడకపోయినా ఈ ఖర్చు ఆగదు. పడని రోజే ఎక్కువవుతుంది, ఎందుకంటే సాయంత్రం దాకా లేవబుద్ధి కాదు. ఇంటికి తెచ్చిన చేపను బజార్లో కొంటే రెండు వందలయ్యేది. నా జేబులోంచి పోయింది ఆరేడు వందలు. నువ్వు చేప అమ్మితే ఆ రెండు వందలే వస్తాయి, అదీ ఒక్కసారే. నన్ను గట్టు మీద కూర్చోబెడితే ఎర్రలు తవ్వినవాడికీ, టీ కాచినామెకీ, పులుసు వండినామెకీ తలా కొంత అందుతుంది. వదిలిపెట్టిన చేప కోసం వచ్చే వారం మళ్లీ వస్తాను.

ఇది నా ఊహ కాదు. కర్ణాటకలో కావేరి ఒడ్డున భీమేశ్వరి దగ్గర మహసీర్ చేపను గాలానికి పట్టి, ఫొటో తీసుకుని, తిరిగి నీళ్లలో వదిలే క్యాంపులు చాలా ఏళ్లు నడిచాయి. ఒకప్పుడు దొంగతనంగా చేపలు పట్టినవాళ్లలో కొందరు అక్కడ గైడులయ్యారు. చేప బతికుంటేనే తమకు జీతమని తెలిశాక నదికి వాళ్లే కాపలా కాశారు. అది అభయారణ్యం కావడంతో వన్యప్రాణి చట్టం కింద తర్వాత అక్కడ గాలం ఆపేశారు, అది వేరే విషయం. హిమాచల్‌లో తీర్థన్ లోయకు ట్రౌట్ చేప కోసం వచ్చేవాళ్లు మత్స్యశాఖ దగ్గర లైసెన్సు తీసుకుని, ఊళ్లలోని ఇళ్లలోనే బస చేస్తారు. అమెరికాలో 1950లో చేసిన చట్టం ప్రకారం గాలాల సామాను మీద వచ్చే పన్ను తిరిగి చేపల సంరక్షణకే వెళుతుంది. నువ్వూ ప్రతి టికెట్లోంచి కొంత తీసి పక్కన పెట్టు. పిల్ల చేపలకీ గట్టుకీ అదే ఆధారం.

గుంటూరు అవతల ఒక చెరువు దగ్గర దీనికి పూర్తి విరుద్ధంగా జరగడం చూశాను. యజమాని టిఫిన్ టౌన్ నుంచే తెప్పించేవాడు, ఎర కూడా తనే అమ్మేవాడు. ఊరికి మిగిలింది దుమ్ము, ప్లాస్టిక్ కవర్లు, తెగిన నైలాన్ దారాలు. ఆ దారం కాళ్లకు చుట్టుకుని ఒక కొంగ చచ్చిపోవడం నా కళ్లతో చూశాను. ఏడాది తిరక్కుండానే రాత్రిళ్లు చెరువులో వలలు పడ్డాయి. వలలు వేసినవాళ్లది తప్పే, కానీ ఆ చెరువు బాగుండాలని కోరుకోవడానికి వాళ్లకు ఒక్క కారణం కూడా లేదు.

అందుకే ముందు మీ ఊళ్లో వల మీద బతికేవాళ్ల దగ్గరికి వెళ్లు. పిలిపించుకోకు, నువ్వే వెళ్లు. ఏ చేప ఏ మూల ఉంటుందో, ఏ గాలికి ఎర ముడుతుందో వాళ్లకు తెలిసినంత మనకు తెలియదు. వచ్చినవాళ్లకు చూపించే పని, రాత్రి కాపలా వాళ్లకే ఇవ్వు. కూలి రోజుకింత అని ముందే మాట్లాడుకో. భోజనం డ్వాక్రా మహిళలకు అప్పజెప్పు, దాంట్లో నీ కమీషన్ పెట్టుకోకు. పంచాయతీ మంచినీళ్ల చెరువు జోలికి మాత్రం ఎంత సులువుగా దొరికినా వెళ్లకు. ఎరగా వేసే తవుడూ గానుగ చెక్కా ఆ నీళ్లలో పడకూడదు.

ఎండాకాలం కాలువలు కట్టేస్తే నీళ్లు దిగిపోతాయి. కట్టేసే ముందే చెరువు నింపుకో. తెల్లవారేసరికి చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే నీళ్లలో ప్రాణవాయువు తగ్గిందని అర్థం. ఆ రోజు టికెట్ డబ్బు తిరిగిచ్చి, గాలం వెయ్యనివ్వకు. గాలం కొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లును పటకారుతో నొక్కించు, అప్పుడు చేప నోరు చిరగదు. వదిలే చేపను తడి చేత్తోనే పట్టుకోవాలి, ఎండలో కాలిన మట్టి మీద పడెయ్యకూడదు. అయినా మనవాళ్లు వట్టి చేతులతో ఇంటికి వెళ్లరు కాబట్టి మనిషికి ఒక చేప తూచి అమ్ము, మిగతావి వదిలించు. కొర్రమీను ఎర్రటి పిల్లల గుంపుతో తిరుగుతుంటే ఆ మూల మూసెయ్యి. తల్లీ తండ్రీ కాపలా ఉంటేనే ఆ పిల్లలు బతుకుతాయి. త్వరగా పెరుగుతుందని ఎవరైనా ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ అంటగడతారేమో, దాని పెంపకం నిషేధం.

నాకు టెన్షన్ పెట్టేది ఇంకొకటుంది. మీ తూర్పు గట్టు మీదుగా కరెంటు తీగలు వెళుతున్నాయి. ఇప్పుడందరూ తెచ్చే కార్బన్ కర్రలోంచి కరెంటు పారుతుంది. తీగకు తగిలితే మనిషి దక్కడు. ఆ గట్టు మీద ఎవర్నీ కూర్చోనివ్వకు, తాడు కట్టెయ్యి.

వచ్చే ఆదివారం మొదటి బస్సుకి వస్తాను. ఒక పొడుగు తాడుకి మూరకో ముడి వేసి, చివర రాయి కట్టి ఉంచు. చెరువు లోతు కొలిచాక టికెట్ ధర మాట్లాడుకుందాం. అక్కయ్యకి నా నమస్కారాలు చెప్పు.

మీ మామయ్య