మనోడే కదా అని పైసలు ముందే పంపకు

తమ్ముడూ, కారు అమ్మే ఆయన కాజీపేట మనిషేనని, 500 డాలర్లు అడ్వాన్స్ పంపనా అని అడిగావు. పంపకు. ముందు నా సంగతి విను.

2014లో డల్లాస్‌లో దిగిన రెండో నెలలోనే హన్మకొండ వాడి దగ్గర పాత కరోలా కొన్నాను. వాళ్లింట్లో పచ్చిపులుసుతో అన్నం తిని, 4,200 డాలర్లు నగదు లెక్కపెట్టి ఇచ్చి, తాళాలు తీసుకున్నాను. అప్పటి లెక్కలో రెండున్నర లక్షలు. "టైటిల్ రెండు రోజుల్ల ఇస్తనే" అన్నాడు. టైటిల్ అంటే కారు ఎవరిదో చెప్పే కాగితం. అసలు అది ఆయన దగ్గర ఉంటేగా! కారు మీద అప్పుంది. అది తీరేదాకా టైటిల్ అప్పిచ్చినవాళ్ల దగ్గరే ఉంటుంది. నా పైసలేమో వేరే అవసరానికి వాడేసుకున్నాడు. మూడు నెలలు ఫోన్లు చేస్తూనే ఉన్నాను. ఈలోపు అద్దం మీది రిజిస్ట్రేషన్ స్టిక్కర్ గడువు దాటిపోయింది. కారు గుమ్మం ముందే ఉంది, నేను ఆఫీసుకు రోజుకొకరిని రైడ్ అడిగాను. చివరికి ఆ అప్పులో మిగిలిన 1,100 డాలర్లు కూడా నేనే కట్టి, ఆయన సంతకంతో టైటిల్ తెచ్చుకున్నాను. ఆ 1,100 ఇప్పటికీ రాలేదు. ఆ రోజుల్లో పడుకుంటే కళ్ల ముందు లెక్కలే.

మా నాయన వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అమ్మేవాడు. ఖరీదుదారు ఎవరో ఆయనకు తెలియదు. అయినా ధైర్యంగా బస్తాలు దింపేవాడు. మధ్యలో అమ్మిపెట్టే అడ్తి సేటు, కాంటా దగ్గర తూకం వేసే దడ్వాయి, చేతిలో తక్‌పట్టీ అనే లెక్క చీటీ ఉండేవి. నేను అదంతా ఊరివాళ్ల మీద నమ్మకమే అనుకున్నాను. ఇక్కడ మధ్యలో ఎవరూ ఉండరు. టైటిల్ కాగితమే నీ అడ్తి.

ఆ తర్వాత మూడు కార్లు కొన్నాను, రెండు అమ్మాను. ఒక్క డాలర్ పోలేదు. టైటిల్ మీది పేరు, ఆయన లైసెన్స్ మీది పేరు ఒకటేనా చూడు. డాష్‌బోర్డ్ మీది విన్ నంబర్, అంటే కారు గుర్తింపు నంబర్, టైటిల్‌తో అక్షరం అక్షరం కలవాలి. లీన్ హోల్డర్ గడిలో, అంటే అప్పిచ్చినవాళ్ల గడిలో, పేరుంటే అప్పు తీరిందని చెప్పే లీన్ రిలీజ్ కాగితం అడుగు. బ్యాంకులోనే కలవండి, సంతకమైన టైటిల్ నీ చేతికొచ్చాకే చెక్కు ఇవ్వు. 6.25 శాతం పన్ను, 30 రోజుల్లో పేరు మార్పు, ఫారాలు అన్నీ టెక్సస్ డీఎంవీ (వాహనాల శాఖ) సైట్‌లో ఉన్నాయి, చదువుకో.

అడిగితే ఏమనుకుంటాడో అని నీకు మొహమాటం. కొత్తగా వచ్చినవాళ్లందరిదీ అదే గోస. శనివారం వెళ్లేముందు టైటిల్ రెండు వైపులా ఫోటో పంపమను. రాగానే నాకు పంపు, లీన్ గడి నేను చూసి చెప్తాను.