గ్రాఫీన్ ఇంటర్‌కలేషన్‌పై పీహెచ్‌డీ: అంశం మరీ ఇరుకా?

ప్రశ్న: ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి ఏడాదిలో ఉన్నాను. లోహ ఉపరితలాలపై పెంచిన గ్రాఫీన్ (ఒకే పరమాణువు మందం ఉన్న కార్బన్ పొర) ఎలక్ట్రానిక్ నిర్మాణాన్ని ఇంటర్‌కలేషన్, అంటే ఆ పొరకూ లోహానికీ మధ్య వేరే పరమాణువులు దూరడం, ఎలా మారుస్తుందన్న అంశంపై పీహెచ్‌డీ చేయమని ఒక ప్రొఫెసర్ అంటున్నారు. ఇంత చిన్న అంశంతో తర్వాత ఉద్యోగం దొరుకుతుందా?

జవాబు: అంశం పేరు ఇరుకైనదే. అయితే చూడవలసింది ఆ నాలుగైదేళ్లలో మీకు ఏ పని చేతనవుతుందన్నది. ముందు సమస్యనే తీసుకుందాం. నికెల్ (111) తలంపై గ్రాఫీన్‌ను పెంచినప్పుడు రెండింటి జాలక కొలతలు దాదాపు సరిపోతాయి కనుక, కార్బన్ పొర లోహానికి సుమారు 2.1 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలోనే అతుక్కుంటుంది. కార్బన్ π (పై) కక్ష్యలు నికెల్ డి కక్ష్యలతో కలిసిపోయి, ఫెర్మీ స్థాయి (ఎలక్ట్రాన్లు నిండే శక్తి పై అంచు) దగ్గర ఉండవలసిన డిరాక్ కోన్ (గ్రాఫీన్ ఎలక్ట్రాన్ శక్తులను గీస్తే వచ్చే శంకు ఆకారం) చెదిరిపోతుంది. దానిపై బంగారాన్ని పలుచగా ఆవిరి రూపంలో పూసి వేడిచేస్తే, ఆ పరమాణువులు గ్రాఫీన్ కిందికి దూరి పొరగా పరుచుకుంటాయి. లోహంతో బంధం సడలి కోన్ మళ్లీ కనిపిస్తుంది. ఇరీడియంపై సంగతి వేరు. అక్కడ దూరం సుమారు 3.4 ఆంగ్‌స్ట్రామ్‌లు, కోన్ ముందునుంచే చాలావరకు నిలిచి ఉంటుంది. కాబట్టి ఇంటర్‌కలేషన్ వల్ల ముఖ్యంగా జరిగేది డోపింగే, అంటే గ్రాఫీన్‌లో ఎలక్ట్రాన్లు పెరగడమో తగ్గడమో. సీజియం దూరితే గ్రాఫీన్‌కు ఎలక్ట్రాన్లు చేరి డిరాక్ బిందువు (ఆ కోన్ కొన) ఫెర్మీ స్థాయి కిందికి దిగుతుంది, ఆక్సిజన్ దూరితే పైకి జరుగుతుంది.

ఈ మార్పును ఆర్పెస్‌తో (కాంతి పడినప్పుడు బయటికొచ్చే ఎలక్ట్రాన్ల శక్తినీ కోణాన్నీ చూసే పద్ధతి) కొలవాలంటే అల్ట్రా హై వాక్యూమ్ ఛాంబర్‌ను నడపడం, స్ఫటిక తలాన్ని శుభ్రం చేయడం, సింక్రోట్రాన్ (తీవ్రమైన ఎక్స్-రేల వంటి కాంతినిచ్చే పెద్ద యంత్రం) బీమ్‌టైమ్‌కు, అంటే అక్కడ ప్రయోగ సమయానికి, ప్రతిపాదన రాయడం రావాలి. సెమీకండక్టర్ పరికరాల కంపెనీలకూ, సింక్రోట్రాన్ కేంద్రాలకూ పనికొచ్చే నైపుణ్యాలు ఇవే. గ్రాఫీన్ పేరుతోనే ఉద్యోగం వెతికితే మాత్రం, నా ఉద్దేశంలో, నిరాశే మిగులుతుంది.

మీకిచ్చేది పూర్తిగా డీఎఫ్‌టీ (పదార్థంలోని ఎలక్ట్రాన్ల తీరును కంప్యూటర్‌పై లెక్కగట్టే పద్ధతి) గణనల పని అయితే లెక్క మారుతుంది. వాన్ డర్ వాల్స్ బలాలను (పరమాణువుల మధ్య ఉండే బలహీన ఆకర్షణలను) విడిచిపెట్టే సాధారణ పద్ధతులు నికెల్‌పై గ్రాఫీన్ అతుక్కోవడాన్నే సరిగా చూపలేవు. ఏ పద్ధతిని ఎక్కడ నమ్మవచ్చో తేల్చుకోవడం అక్కడి అసలు విద్య. దానికి తోడు ప్రోగ్రామింగ్ గట్టిగా నేర్చుకుంటేనే బయట విలువ ఉంటుంది.

ఒప్పుకునే ముందు ఛాంబర్ ఆ ల్యాబ్‌కు సొంతమా, ఉమ్మడిదా అని ప్రొఫెసర్‌ను అడగండి. గత ఏడాది అది ఎన్ని నెలలు మరమ్మతులో ఉందో మాత్రం అక్కడి సీనియర్ విద్యార్థులను విడిగా అడగండి.