బిల్లు పడలేదని కూలి ఆపొచ్చా?

ప్రశ్న: ఆత్మకూరు దగ్గర ప్రభుత్వ కాలువ లైనింగ్ పనిలో మా ముఠా 12 మందిమి రోజుకు రూ.700 చొప్పున 18 రోజులు చేశాం. సగం కూడా ముట్టలేదు. బిల్లు పడలేదని కాంట్రాక్టరు, ఆయన ఇవ్వలేదని మేస్త్రి అంటున్నారు. పైగా మేస్త్రి తలకు రోజుకు రూ.50 కమీషన్ పట్టుకుంటున్నాడు. ఎవరిని అడగాలి?
– ఒక పాఠకుడు, ఆత్మకూరు

జవాబు: బిల్లు సంగతి కాంట్రాక్టరుకూ శాఖకూ మధ్య. మీ కూలికి దాంతో ముడి లేదు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉన్న వేతనాల కోడ్ (కూలి చెల్లింపుల కేంద్ర చట్టం) ప్రకారం రోజుకూలి ఆ రోజు పని దిగేటప్పటికే ఇవ్వాలి. మేస్త్రి కమీషన్ కూలిలోంచి కోయడం కుదరదు.

మీ లెక్క మొత్తం రూ.1,51,200. ముట్టింది తీసేసి మిగతాది అడగండి. పొద్దున 7కి దిగి సాయంత్రం 6 దాకా, అన్నానికి గంట పోను 10 గంటలు చేసిన రోజులుంటే అవి వేరే రాయండి. 8 గంటలు దాటిన పనికి రెట్టింపు ఇవ్వాలి. గంటకు రూ.87.50 చొప్పున ఆ 2 గంటలకు రూ.350, అంటే ఆ రోజు కూలి రూ.1,050. అదే పనికి ఆడవాళ్లకు తక్కువ కట్టి ఉంటే ఆ తేడా కూడా చేర్చండి.

అర్జీలో మేస్త్రి పేరొక్కటే రాస్తే పని చెడుతుంది. వాళ్లెవరో నాకు తెలీదని కాంట్రాక్టరు తేలిగ్గా తప్పించుకుంటాడు. పని దగ్గరి బోర్డు ఫొటో తీయండి, పని పేరు, ఏజెన్సీ (కాంట్రాక్టు సంస్థ) పేరు అందులో దొరుకుతాయి. బోర్డు లేకపోతే (చాలాచోట్ల ఉండదు) ఆ పని చూసే ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) ఆఫీసులో రూ.10 కట్టి సమాచార హక్కు కింద అగ్రిమెంట్ నంబరు అడగండి. గడువు 30 రోజులు.

సహాయ కార్మిక అధికారికి ఇచ్చే అర్జీలో కాంట్రాక్టరునూ మేస్త్రినీ ఈఈనీ ముగ్గురినీ చూపండి. కాంట్రాక్టరు ఎగ్గొడితే పని చేయించుకున్న శాఖ బాధ్యత వహించాలి. కూలి ఇచ్చామని రుజువు చేసుకోవాల్సింది యజమానే. అయినా మీ హాజరు పుస్తకం, ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు జత చేయండి. క్లెయిముకు మూడేళ్ల గడువుంది, పరిహారం బాకీకి పది రెట్ల దాకా వేయొచ్చు. కానీ అన్నాళ్లు ఆగొద్దు. ఫైనల్ బిల్లు పాసై, కాంట్రాక్టరు శాఖ దగ్గర కట్టిన డిపాజిట్ ఆయనకు వెనక్కి వెళ్లిపోతే శాఖ చేతిలో పట్టుకోవడానికేమీ మిగలదు. అందుకే అర్జీ నకలు ఇవాళే ఈఈ ఆఫీసులో ఇచ్చి, మీ కాపీ మీద ఇన్వర్డు ముద్ర (అందినట్టు ముద్ర) వేయించుకోండి.

నిర్మాణ కార్మికుల సంక్షేమ సెస్సు కట్టాం కదా అని కాంట్రాక్టరు అనొచ్చు. ఆ 1 శాతం సంక్షేమ బోర్డుకు వెళ్లేది, మీ కూలి కాదు. సగమిచ్చి, పూర్తిగా ముట్టిందని రాసిన వోచరు మీద వేలిముద్ర అడిగినా వేయకండి. ముట్టినంతే అంకెల్లో, అక్షరాల్లో రాయించి దాని కిందే వేయండి.