ఆ కాగితం నీ బీరువాలో ఎందుకుంది?

పర్లాకిమిడి నుంచి ఉత్తరం రాసిన అమ్మాయికి,

పెళ్లయి ఆరేళ్లంటున్నావు. తోటికోడలి సీమంతంలో గాజులు తొడగబోతుంటే, మీ అత్తగారు నీ చేతిలో పళ్లెం లాక్కుని పక్కింటావిడకి ఇచ్చారు. రేపు బిడ్డ పుట్టాక బారసాలకి ఉండాలా, తారాతారిణి అమ్మవారి మొక్కుందని చెప్పి తప్పించుకోవాలా అని అడిగావు. ఉండాలనిపిస్తే ఉండు, లేకపోతే మానెయ్. అదేం పెద్ద సంగతి కాదు.

అసలు సంగతి ఉత్తరం చివర రెండు లైన్లలో ఉంది. మీ ఆయనకి రెండేళ్ల కిందటే పరీక్ష అయింది. వీర్యకణాల కౌంటు మిల్లీలీటరుకు 40 లక్షలు. ఆ రిపోర్టు నీ పెళ్లినాటి బరంపురం పట్టుచీర మడతలో ఉంది. పళ్లెం చేతులు మారినప్పుడు ఆయన గుమ్మంలోనే నిలబడి ఉన్నారు.

మీ అత్తగారు చేసింది తప్పే. కానీ ఆవిడకి తెలీదు. ఆయనకి తెలుసు. ఒడియా వాళ్లు బాంఝ అన్నా మనవాళ్లు గొడ్రాలన్నా ఆ మాట పడేది నువ్వే, వింటూ ఊరుకున్నది ఆయన. ఆయన పరువు తియ్యనని మీ అమ్మ నీచేత ఒట్టు వేయించుకుందట. మొగుడి పరువు పెళ్లాం కాపాడాలి, నేనూ ఒప్పుకుంటాను. మరి నీ పరువు ఎవరి పూచీ?

పైగా ఈ దాపరికం వల్ల ఆయనకీ వైద్యం లేకుండా పోయింది. తండ్రులైన మగవాళ్లలో నూటికి 95 మందికి కౌంటు కోటీ 60 లక్షలకు పైనే ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 లెక్క. ఆయనది తక్కువే, కానీ సున్నా కాదు. ఒక్క పరీక్షతో ఏదీ తేలదు. వీర్యకణం తయారవడానికే రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి మూడు నెలలకు మళ్లీ చేయిస్తారు. ఈలోగా ఆయన నమిలే ఆ ఖైనీ పొగాకు మానాలి. వృషణాల దగ్గర ఉబ్బిన నరాలే కారణమైతే చిన్న ఆపరేషన్‌తో మెరుగైనవాళ్లున్నారు. ఇవన్నీ యూరాలజీ డాక్టరు చూడాల్సినవి. రెండేళ్లుగా స్కానింగులకి తిరిగింది మాత్రం నువ్వు!

నిద్ర పట్టడం లేదన్నావు. 14416కి ఫోన్ చెయ్యమ్మా. అది టెలి మానస్, మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం, డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. అర్ధరాత్రైనా పలుకుతారు.

ఇవాళే ఆ కాగితం చీర మడతలోంచి తీసి ఆయన చేతిలో పెట్టు. బారసాల లోపు వాళ్లమ్మకి ఆయనే చెప్పాలని అడుగు. చెప్పకపోతే, అత్తగారు మళ్లీ ఆస్పత్రికి బయల్దేరమన్న రోజున, "మీ అబ్బాయి వస్తేనే వస్తాను అత్తయ్యా" అని కదలకుండా కూర్చో.