పాఠకుల ప్రశ్నలు – జవాబులు: రాత్రికి లంగరు ఎక్కడ దించుకోవాలి?

ప్రశ్న: అయ్యా! సరుకు ఓడల్లో ఇంజను విభాగంలో పనిచేసి, విరమణ తరువాత నెల్లూరులో స్థిరపడ్డాను. ముగ్గురు మిత్రులం కలిసి 22 అడుగుల ఫైబర్ బోటు కొని, దాని మీద నలుగురు పడుకునేంత చిన్న గది కట్టించుకున్నాము. శనివారం మధ్యాహ్నం బయలుదేరి, రాత్రి నీటి మీదే గడిపి, ఆదివారం సాయంత్రానికి ఇల్లు చేరాలని మా కోరిక. అలల ఊపు, జనసందడి లేకుండా ప్రశాంతంగా లంగరు వేసుకోదగిన చోట్లు మన వైపు ఏవి? వాటిని వెతుక్కోవడం ఎలా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: మీ రెండో ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. మన తీరంలో ‘ఫలానా చోటు ఎప్పుడూ ప్రశాంతం’ అని వేలు పెట్టి చూపగలిగింది ఒక్కటీ లేదు. పటం తెరిచి చూడండి. దుగరాజపట్నం నుంచి కొత్తపట్నం దాకా తీరం దాదాపు గీత గీసినట్టు ఉత్తర దక్షిణాలుగా సాగిపోతుందే గాని, గాలికి అడ్డు నిలిచే కొండ గాని, పడవ తలదాచుకునే లోతైన అఖాతం గాని కనిపించదు. మైపాడు, కొత్తకోడూరు, తూపిలిపాళెం ఒడ్డుల ఎదుట శీతాకాలపు ఉదయాన సముద్రం అద్దంలా ఉండవచ్చు. దాన్ని చూసి మోసపోవద్దు. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి ఒడ్డు వైపు తిరుగుతుంది. ఆ వేళ లంగరు జారిందంటే పడవ కొట్టుకుపోయేది నేరుగా అలలు విరిగే చోటికే. రాత్రి పొద్దుపోయాక నేల మీది నుంచి గాలి వీచడం మొదలైతే ఇంకో చిక్కు వస్తుంది: పడవ ముఖం గాలిని బట్టి పడమటికి తిరుగుతుంది, అల మాత్రం ఆగ్నేయం నుంచి వచ్చి పక్కను తాకుతుంది. తెల్లవార్లూ ఊయలలో ఉన్నట్టే ఉంటుంది, నిద్ర మాత్రం పట్టదు.

కాబట్టి మనకు ప్రశాంతత దొరికేది సముద్రంలో కాదు, ఉప్పుటేర్ల లోపల. పెన్న, స్వర్ణముఖి, కండలేరు, మన్నేరు, పాలేరు, గుండ్లకమ్మ – ఇవన్నీ సముద్రంలో కలిసే ముందు కాస్త వెడల్పై, మందగించి, ఇసుక దిబ్బల వెనుక మలుపులు తిరుగుతాయి. ఆ మలుపుల్లో అల ఉండదు. అయితే లోపలికి పోవాలంటే మొగ, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు, దాటాలి; మన తీరంలో ప్రమాదమంతా ఆ మొగలోనే ఉంది. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు ఇసుకను ఉత్తరానికీ, ఈశాన్య రుతుపవనాల కాలంలో దక్షిణానికీ తోస్తూ ఉంటాయి; ఏరులో నీటి తోపు తగ్గిన వేసవిలో చిన్న మొగలు పూడి మూసుకుపోతాయి. పోయిన సంవత్సరం మీరు దాటిన దారి ఈ సంవత్సరం ఉండకపోవచ్చు. అందుకే చేతిలో ఉన్న పటం కన్నా, ఆ వారంలో ఆ మొగ దాటిన జాలరి మాటే నమ్మదగినది. ‘అన్నా, మొగలో ఎన్ని బారలుంది?’ అని అడగండి. బార అంటే రెండు చేతులూ చాచినంత, సుమారు ఆరడుగులు. పాటుకు, అంటే నీరు వెనక్కు తీసినప్పుడు, బార కూడా లేదంటే ఆ వారానికి ఆ మొగను మరచిపోండి.

దాటే వేళ కూడా ముఖ్యమే. పోటు ముగింపుకు వస్తున్నప్పుడు, అంటే నీరు ఇంకా లోపలికి వస్తూ ఉండగానే, దాటాలి. పాటు వేళ ఏటి నీరు బయటికి ఉరుకుతుంటే, ఎదురుగా సాయంత్రపు సముద్రపు గాలి తగిలి, మొగలో అలలు నిటారుగా లేచి విరుగుతాయి; 22 అడుగుల పడవకు అది చోటు కాదు. మనకు రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు ఉంటాయి, ప్రతి రోజూ సుమారు 50 నిమిషాలు వెనుకబడుతూ ఉంటాయి. సర్వే ఆఫ్ ఇండియా ప్రచురించే ఆటుపోట్ల పట్టికలో వేళలు దొరుకుతాయి. అమావాస్య, పౌర్ణముల పోటుకూ పాటుకూ మధ్య తేడా మన వైపు ఇంచుమించు ఒక మీటరు. గుజరాత్ తీరంతో పోలిస్తే ఇది చాలా తక్కువే, కాని బురదలో కూరుకుపోవడానికి ఆ ఒక్క మీటరు చాలు.

ఇక చోట్ల సంగతి. ఏడాది పొడుగునా తెరిచి ఉండే మొగ కావాలంటే కృష్ణపట్నం వద్ద కండలేరు ఉప్పుటేరే, ఎందుకంటే అక్కడ రేవు కోసం ఇసుక తవ్వుతూనే ఉంటారు. కాని అది మహా ఓడల దారి. రేవు అధికారుల నుంచీ మెరైన్ పోలీసుల నుంచీ ముందుగా అనుమతి తీసుకోవాలి. ఓడల కాలువలో గాని, దాని అంచున గాని లంగరు వేయడం తగదు. ఆ దారికి దూరంగా లోపలికి పోయాక మడచెట్ల మధ్య మలుపులున్నాయి. నీరు నిశ్చలంగానే ఉంటుంది. నిశ్శబ్దం మాత్రం మీ అదృష్టం. ఒకసారి నేను సాయంత్రం వేళ చూసి ముచ్చటపడి లంగరు వేసిన చోట, కట్టకు అవతలి రొయ్యల చెరువుల్లో చీకటి పడగానే ఏరేటర్లు (నీటికి గాలి పట్టించే యంత్రాలు) తిరగడం మొదలై, కోడి కూసే దాకా ఆగలేదు. ఆ తరువాత నుంచి ఏ చోటికైనా ముందు ఒకసారి నేల మీద, మోటారు సైకిల్ మీద, చీకటి పడ్డాకే వెళ్లి చూస్తున్నాను. మీకూ అదే సలహా. పాటు వేళ పగలు ఒకసారి చూస్తే అడుగున బురదో ఇసుకో, కట్టిన వలల కొయ్యలు ఎక్కడున్నాయో తెలుస్తుంది. రాత్రి ఒకసారి చూస్తే చప్పుడు, వెలుగు, దోమలు తెలుస్తాయి. మడచెట్లకు మరీ దగ్గరగా ఆగితే దోమల బాధ చెప్పనలవి కాదు. ఏటి నడుమ కాస్త గాలి తగిలే చోటు ఎంచుకోండి.

పెన్న మొగ వెడల్పైనది, అందమైనది, ఇసుక తిన్నెలు రోజుకొక రూపు దాలుస్తాయి. మొదటి ప్రయాణానికి నేను దాన్ని సూచించను. దక్షిణాన పులికాట్ సరస్సు ఉంది కదా అంటారేమో. అది విశాలమే గాని చాలా చోట్ల లోతు మీటరుకు మించదు; సమతలపు అడుగున్న పడవ అయితే తప్ప అక్కడ మీకు సుఖం లేదు. పైగా మన వైపు సరస్సు పక్షుల అభయారణ్యం. చలికాలంలో ఫ్లెమింగోలు మేసే చోటికి ఇంజను మోతతో పోవడం చట్టానికీ విరుద్ధం, మర్యాదకూ విరుద్ధం. శ్రీహరికోట తూర్పు తీరం దగ్గరికి అసలే పోకూడదు. రాకెట్ ప్రయోగం ఉన్న రోజున ఆ చుట్టుపక్కల సముద్రం మూసివేస్తారు, ఆ ప్రకటనలు బయలుదేరే ముందే చూసుకోవాలి.

కాలం విషయంలో నాకు అనుమానం లేదు: జనవరి నుంచి మార్చి వరకు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మన తీరానికి తుఫానుల నెలలు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫానును మన పెద్దలు ఇంకా తలుచుకుంటారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు చేపల వేట నిషేధం కాబట్టి మరబోట్లన్నీ రేవుల్లోనే నిండి ఉంటాయి, మీకు చోటు దొరకదు. ఏ నెలలోనైనా హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చే అలల ఎత్తు అంచనాను శనివారం ఉదయం చూసి, అది అనుకూలంగా లేకపోతే ఇంటి దగ్గరే ఉండిపోండి.

ప్రశ్న: మా పడవకు లంగరు వేసినా రాత్రి జారిపోతున్నది. లంగరు బరువు చాలడం లేదా? తాడు ఎంత వదలాలి?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: నూటికి తొంభై పాళ్లు తప్పు లంగరుది కాదు, పొదుపుగా వదిలిన తాడుది. లంగరు తన బరువుతో పడవను ఆపదు; అడుగున అడ్డంగా లాగబడినప్పుడు దాని రెక్క బురదలోకి దిగి పట్టుకుంటుంది. తాడు పొట్టిదైతే లాగుడు పైకి వచ్చి, నాటుకున్న రెక్కను పెకలించేస్తుంది. కాబట్టి గొలుసు పూర్తిగా ఉంటే లోతుకు అయిదింతలు, కొంత గొలుసూ మిగతా తాడూ అయితే ఏడింతలు వదలాలి. లోతు లెక్కలోనే చాలామంది పొరబడతారు. ఉదాహరణకు పాటు వేళ నీరు రెండున్నర మీటర్లు, పోటుకు ఇంకొక మీటరు పెరుగుతుంది, నీటి నుంచి పడవ ముందుభాగం ఒక మీటరు ఎత్తు – మొత్తం నాలుగున్నర మీటర్లు. దానికి ఏడింతలు అంటే 31 మీటర్లకు పైనే. గాలి ముదిరితే పదింతలు. లంగరుకు ఆనుకొని కనీసం పడవ పొడవంత గొలుసు ఉంటే లాగుడు అడుగునే ఉంటుంది.

జాలరులు వాడే ముళ్ల లంగరు రాళ్ల మధ్య బాగా పట్టుతుంది, మన బురదలో మాత్రం దువ్వెనలా దువ్వుకుపోతుంది. ఇసుకకు, బురదకు వెడల్పు రెక్కల డాన్‌ఫోర్త్ రకం మేలు. నాగలి ఆకారపు లంగరూ మంచిదే. దాన్ని 1933లో రూపొందించిన జెఫ్రీ టేలర్ బ్రిటన్‌లో పేరుమోసిన భౌతిక శాస్త్రవేత్త. లంగరు దించాక తాడు మెల్లగా వదులుతూ వెనక్కు జరగండి, చివర ఇంజనును వెనక్కు నడిపి లంగరును నాటండి. ఆపైన ఒడ్డు మీద ఒక తాటిచెట్టునూ దాని వెనుక దూరాన ఒక గుడి గోపురాన్నో దీపస్తంభాన్నో ఒకే వరుసలోకి తెచ్చి గుర్తు పెట్టుకోండి. గాలి, నీటి పోకడ మారకుండానే ఆ వరుస చెదిరిందంటే లంగరు జారుతున్నట్టే. వేటకు చోటు గుర్తుంచుకోవడానికి మన జాలరులు తరతరాలుగా వాడుతున్న ఉపాయమే ఇది.

ఒక చిక్కు మిగిలింది. 31 మీటర్ల తాడు వదిలిన పడవ గాలి మారినప్పుడు అంతే వ్యాసార్థంతో, దానికి పడవ పొడవు కూడా కలిపి, గుండ్రంగా తిరుగుతుంది. అరవై మీటర్ల వెడల్పున్న ఏటిలో అంత తావు ఎక్కడిది? అలాంటి చోట ఒక లంగరు పోటు వచ్చే దిక్కుకూ, ఇంకొకటి పాటు వచ్చే దిక్కుకూ వేసి, రెండు తాళ్లనూ పడవ ముందుభాగానికే కట్టండి. పోటు తిరిగినా పడవ ఉన్నచోటనే తల తిప్పుకుంటుంది. రెండో లంగరు తాడు ఇంజను పంకాకు చుట్టుకోకుండా మునిగి ఉండేలా చూసుకోవాలి.

ప్రశ్న: ఉప్పునీటి బెడద లేకుండా సోమశిల, కండలేరు జలాశయాల్లో రాత్రి గడపవచ్చునా?
– ఒక పాఠకురాలు, ఆత్మకూరు

జవాబు: అనుమతి ఉంటేనే. 78 టీఎంసీల సోమశిలకు, 68 టీఎంసీల కండలేరుకు జలవనరుల శాఖ అనుమతి కావాలి. కండలేరు నీరు చెన్నైకి తాగునీరుగా పోతుంది గనుక నూనె చుక్క, చెత్త అక్కడ సహించరానివి. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగిన తరువాత తనిఖీలు పెరిగాయి. లోతట్టు జలాల్లో తిరిగే ఇంజను పడవలకు నమోదు, తనిఖీ 2021 నాటి చట్టం ప్రకారం అవసరం.

అనుమతి దొరికితే మాత్రం వెలిగొండల నీడలో పొద్దు వాలడం చూసితీరాలి. అక్కడ రెండు ఇబ్బందులు. మునిగిన చెట్ల మోడులకు లంగరు తగులుకుంటే పైకి రాదు, కాబట్టి లంగరుకు రెక్కలున్న వైపు కొసకు వేరే సన్నని తాడు కట్టి, దాని కొసకు ఒక ఖాళీ డబ్బాను తేలేలా కట్టండి. తగులుకుంటే ఆ తాడుతో వెనుక నుంచి లాగవచ్చు. నడిమధ్యన లోతు ఎక్కువ, లోతుకు ఏడింతల తాడు మోయలేరు. గట్టుకు దగ్గరగా చిన్న పాయల్లోనే ఆగండి.

ప్రశ్న: మావారు, మా మరిది కలిసి పిల్లలను కూడా తీసుకొని పడవలో పడుకుంటామంటున్నారు. నేను దేనికి పట్టుపట్టాలి?
– ఒక గృహిణి, ఒంగోలు

జవాబు: అమ్మా, సూర్యాస్తమయానికి రెండు గంటల ముందే లంగరు పడాలని మొదట పట్టుపట్టండి, చీకట్లో కొత్త చోట లోతు చూడడం పెద్దవారికే కష్టం. పిల్లలు పడవ మీద ఉన్నంతసేపూ లైఫ్ జాకెట్ విప్పకూడదు. చీకటి పడగానే అన్ని వైపులా కనిపించే తెల్ల దీపం ఎత్తున వెలగాలి. ఏడు మీటర్ల లోపు పడవకు, ఇతర పడవలు తిరగని చోట, అంతర్జాతీయ నియమం దాన్ని తప్పనిసరి చేయలేదు. మన ఏర్లలో రాత్రంతా వల పడవలు తిరుగుతాయి గనుక మీరు తప్పనిసరి చేయండి.

గది తలుపు మూసుకొని జనరేటర్ గాని, బొగ్గుల కుంపటి గాని పెట్టుకొని పడుకోనివ్వవద్దు. వాసన లేని విషవాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది. వంట గ్యాస్ గాలి కన్నా బరువైనది, కారితే ఇంట్లో లాగా కిటికీలోంచి పోదు, పడవ అడుగున చేరి నిప్పురవ్వ కోసం కాచుకుంటుంది. అందుచేత వంట అయిన వెంటనే సిలిండరు దగ్గరే కట్టివేయాలి. పులిహోర, దద్దోజనం కట్టి పంపిస్తే ఆ గొడవే ఉండదు. ఎక్కడ ఆగుతున్నదీ, ఆదివారం ఎన్ని గంటలకు ఒడ్డు చేరేదీ కాగితం మీద రాయించుకొని మీ దగ్గర ఉంచుకోండి. ఆ వేళ దాటినా ఫోను అందకపోతే తీర రక్షక దళం నంబరు 1554కు చెప్పండి, రెండు గంటలు చూద్దామని ఆగవద్దు.